గాలి దూరే చోటు తెలిసిన మనిషి

పోయిన సోమవారం పొద్దున్న అనకాపల్లి నుంచి అత్త ఫోన్ చేసింది. "మీ మావయ్య ఎల్లిపోయేడమ్మా," అంది. టీ తాగి గ్లాసు కింద పెట్టి, కుర్చీలోనే వెనక్కి ఒరిగిపోయాడట.

ఆయన మా అమ్మకు తమ్ముడు. చక్కెర ఫ్యాక్టరీలో ఫిట్టరుగా చేశాడు. గాలి తీసేసి చెరుకు రసం మరిగించే పెద్ద పాన్‌లకు ఎక్కడ లీకు వచ్చినా ఆయన్నే పిలిచేవారు. రిటైరయ్యాక కూడా, ఎవరింట్లో కుళాయి కారుతున్నా దాని సంగతి చూడందే కదిలేవాడు కాదు.

నేను లేజర్ ల్యాబ్‌లో పరిశోధన చేస్తున్నాను. సెకనులో లక్ష కోట్లవ వంతు కూడా వెలగని ఫైబర్ లేజర్ మెరుపులను ఆర్గాన్ వాయువులోకి గురిపెడితే, అందులోంచి తీవ్ర అతినీలలోహిత కాంతి పుడుతుంది. అలలన్నీ అడుగు కలిపి నడిచే కాంతి అది. గాలి తగిలితే బతకదు. అందుకే దాని దారంతా గాలి తీసేసిన ఉక్కు గొట్టంలోనే ఉండాలి. రెండేళ్ల కిందట రెండు నెలల పాటు ఆ కాంతి జాడే లేదు. లేజర్‌లోనే లోపముందని మా ప్రొఫెసర్ దాన్ని విప్పించడానికి సిద్ధమయ్యారు.

కంటి పరీక్షకని నా దగ్గరికొచ్చిన మావయ్యను ఆ వారమే ల్యాబ్‌కి తీసుకెళ్లాను. ఆయన లేజర్ వైపు చూడనే లేదు. గొట్టంలో గాలి ఒత్తిడి చూపే గేజు చూశాడు. పంపు చప్పుడు విన్నాడు.

"ఎలుగు సంగతి నాకు తెల్దు గానీ, గాలి దూరతందమ్మా," అన్నాడు. జాయింట్లు ఒక్కొక్కటే తడుముతూ వచ్చి ఒకచోట ఆగాడు. "ఇది బిగించిందెవరు?"

నేనే. కొత్త రబ్బరు రింగు వచ్చేదాకా ఆగలేక పాతదే వేశాను. ఎవరికీ చెప్పలేదు. పంపు ఆపి విప్పి చూస్తే, రింగు మీద వెంట్రుకంత గీత. మావయ్య దాన్ని గోటితో మీటి నా చేతిలో పెట్టాడు.

"మీ సారుకి సెప్పేయమ్మా."

"తిడతారు మావయ్యా."

"ఆయన తిట్లు రెండ్రోజులే. సెప్పకపోతే నిన్ను నువ్వే రోజూ తిట్టుకుంటావు."

చెప్పాను. ప్రొఫెసర్ ఆ రింగును వెలుతురుకి పట్టి చూశారు. తర్వాత "ఎవరు పట్టారు?" అని అడిగి, బయట బల్ల మీద కూర్చున్న మావయ్య దగ్గరికెళ్లి నమస్కారం పెట్టారు.

కొత్త రింగు వేసిన మూడో రోజున కెమెరా తెర మీద ఆ కాంతి తాలూకు సన్నని గీతలు వరుసగా నిలిచాయి. ఊరెళ్లిపోయిన మావయ్యకు ఫోన్ చేసి చెబితే, "కంటికి అవుపడతాదా?" అన్నాడు. పడదన్నాను. "పోన్లే. ఉందని తెలిసింది కదా."

థీసిస్‌లో కృతజ్ఞతలు చెబుతూ తన గురించి రాస్తానంటే, "మావయ్యని కాదు, ఫిట్టరని రాయి," అన్నాడు. అలాగే రాశాను. పుస్తకం అచ్చయి రాకముందే ఆయన వెళ్లిపోయాడు.

ఆయన్ని చివరిసారి చూసింది అనకాపల్లి బస్టాండులో. బస్సులో నా పక్క కిటికీ అద్దం గడగడలాడుతుంటే, బయట నిలబడి కాగితం మడిచి సందులో దోపాడు. బస్సు కదిలింది. అద్దం అదురు ఆగిందో లేదో అరచెయ్యి ఆనించి చూస్తూ, గేటు దాకా పక్కనే నడిచాడు.