గువ్వల బురుజుకు మరమ్మతు

పావురాలు రాకుండా బాల్కనీకి వల కట్టే మనిషి నిన్న హనుమకొండలో మా ఇంటి తలుపు కొట్టాడు. "ఒక్క పావురం రాదు సార్, గ్యారంటీ" అన్నాడు. పాపం, అతని తప్పేమీ లేదు గానీ నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. పావురాలను రాకుండా చేసే విద్యలో మావాళ్ళు ఎవరికీ తీసిపోరని అతనికేం తెలుసు?

హసన్‌పర్తి దాటాక మా పొలంలో ఒక పాత రాతి బురుజు ఉంది. ఎవరు కట్టారో తెలియదు. పావురాలు గూళ్ళు పెట్టుకునేవి కాబట్టి ఊళ్ళో గువ్వల బురుజంటారు. గోడ చుట్టూ పిడికిలి పట్టేంత కన్నాలు, ఒక్కో కన్నం వెనక ఒక్కో గూడు. కింది గుమ్మం తలుపు తీసి వంగి లోపలికి వెళితే చీకటి, చల్లదనం, తల మీద గుటగుటలు, ముక్కు మూసుకునేంత రెట్ట వాసన. ఆ రెట్టను మా పెద్దమ్మ ఊడ్చి మిరప తోటకు వేసేది. మా పచ్చళ్ళ ఘాటంతా గువ్వల చలవేనని చుట్టాల ముందు గొప్పలు పోయేది. పెద్దనాయన పోయాక రోజూ పొద్దున జొన్నలు చల్లుతూ కష్టసుఖాలన్నీ వాటికే చెప్పుకునేది. మాకు చెబుదామంటే మేం నిద్ర లేవాలి కదా!

పోయిన ఎండాకాలం పునాది రాళ్ళ సందుల్లోంచి పాములు దూరి గుడ్లు మింగుతున్నాయని పెద్దమ్మ గోల పెట్టింది. చిన్నాయన మేస్త్రీని పిలిపించి, "బొక్కలన్ని పూడ్సుండ్రి, ఒక్కటి ఇడువొద్దు" అని చెప్పి పెద్దమ్మను తీసుకుని పాలకుర్తిలో పెళ్ళికి వెళ్ళిపోయాడు. మా వైపు ఎలుక కన్నమైనా, చొక్కా చిరుగైనా బొక్కే. మేస్త్రీ మాట తప్పని మనిషి. సాయంత్రానికి గువ్వల కన్నాలతో సహా అన్నీ సిమెంటుతో మూసి, పైన సున్నం కూడా కొట్టించాడు. వినాయకుణ్ణి చేయబోతే కోతి అయింది.

"నేను పాముల బొక్కలన్న వదినె!" అని పెళ్ళి నుంచి తిరిగొచ్చిన చిన్నాయన మొత్తుకున్నాడు.

"పాములని ఏడ అంటివయ్య? అన్ని అంటివి. లోపట గుడ్లున్నయి గద!" అని పెద్దమ్మ గోడకు చేతులు ఆనించి ఏడ్చింది.

మర్నాడు ఉలితో కొడితే సిమెంటుతో పాటు పాత రాయి కూడా పెచ్చులూడింది. కొన్ని కన్నాలు తెరిచాం. గుడ్లు చల్లబడిపోయాయి. గువ్వలు కరెంటు తీగ మీద కొన్నాళ్ళు కూర్చుని చూశాయి, తర్వాత అదీ మానేశాయి. ఎవరి మీద అరవాలో తెలియక నేను అందరి మీదా అరిచాను. ఇప్పటికీ ఆ కోపం దిగలేదు.

మొన్న వెళితే పెద్దమ్మ ఖాళీ బురుజు ముందు జొన్నలు చల్లుతోంది. ఎందుకు పెద్దమ్మా అంటే, "అయి మల్ల నమ్మాల్నంటె ఏండ్లు పడ్తది బిడ్డ" అంది. గువ్వలకు ఆ ఏళ్ళు ఉన్నాయేమో గానీ, ఎనభై దాటిన మా పెద్దమ్మకు లేవు.