ఆరో ఫౌల్

మొన్న శుక్రవారం మధ్యాహ్నం, దోహాలో అల్ హిలాల్‌ పేటలోని మా ఫ్లాట్‌లో, మా ఆయన పిస్తాల గిన్నె ఒళ్ళో పెట్టుకుని, పొట్టు సోఫా సందుల్లోకి దోపుతూ ఇరాన్ ఫుట్సాల్ జట్టు ఆట చూస్తున్నారు. గోల్ పడ్డప్పుడల్లా తానే కొట్టినంత సంబరంగా తొడలు చరుచుకుంటున్నారు. నేను బంతిని చూడలేదు. తెర మూలన, ఏ జట్టు ఎన్ని ఫౌళ్ళు చేసిందో చూపించే చిన్న అంకె ఒకటి ఉంటుంది, దాన్ని చూస్తూ కూర్చున్నాను. అది ఐదు కాగానే, "ఐదైనయి. ఇగ ఒర్రుండ్రి" అన్నాను. ఆయన గిన్నెలో ఇంకో పిస్తా వెతుక్కున్నారు. మా ఇంట్లో ఈ ఆట వచ్చిన ప్రతిసారీ నేను అరవమనడమూ, ఆయన పిస్తాలు నమలడమూ ఏళ్ళ తరబడి జరుగుతున్నదే.

నా ఈడువాళ్ళలో ఫుట్సాల్ ఎరిగినవాళ్ళు తక్కువ గనక చెప్తాను. గోల్‌కీపరుతో కలిపి జట్టుకు ఐదుగురు, చిన్న కోర్టు, ఎక్కువ ఎగరని బంతి. ఒక సగంలో జట్టంతా కలిసి ఐదు ఫౌళ్ళ దాకా చేసినా ఏదో సర్దుకుపోవచ్చు. ఆరోది చేస్తే మాత్రం గోల్‌కీపరు తప్ప అడ్డుగా ఒక్క మనిషిని కూడా నిలబెట్టనివ్వరు, గోల్ దగ్గర బంతి పెట్టి అవతలివాణ్ణి తీరిగ్గా కొట్టుకోమంటారు. ఉరితీసే ముందు మెడ కొలుచుకున్నట్టుంటుంది.

ఇరాన్ వాళ్ళ సంగతి వేరు. ఆసియాలో పోటీలు మొదలైన నాటినుంచీ కప్పు వాళ్ళింటి గూట్లోనే ఉన్నట్టు ఏటేటా గెలుస్తూ వచ్చారు. నడుమ జపాన్ వాళ్ళు అప్పుడప్పుడూ లాక్కుపోతే మళ్ళీ తెచ్చుకున్నారు. ఒక ప్రపంచకప్పులో బ్రెజిల్ అంతటిదాన్ని పెనాల్టీలలో ఇంటికి పంపారు. వాళ్ళ మీద నాకేమీ కోపం లేదు. వాళ్ళను చూసి వాతలు పెట్టుకున్న మా కంపెనీవాళ్ళ మీదే కోపం.

అప్పట్లో మా ఆయన ఒక కట్టుబడి కంపెనీలో టైమ్‌కీపరు. పొద్దున్నే కూలీలుండే క్యాంప్ ముందు బస్సెక్కేవాళ్ళను లెక్కబెట్టి హాజరు వెయ్యడం ఆయన పని. వందలమందిలో ఒక్కడు తగ్గినా పట్టేసేవారు, ఆ మాట నేనూ ఒప్పుకుంటాను. ముదీర్ అని అందరూ పిలిచే మేనేజరుకు ఇరాన్ జట్టంటే పిచ్చి. అతను ఇరానీ కాదు, గెలిచేవాళ్ళ పక్కన నిలబడే రకం, అంతే. క్యాంప్ మెస్సులో టీవీ పెట్టించి వాళ్ళ ఆటలు చూపించి, కంపెనీకొక జట్టు కట్టించి, దాని బాధ్యత మా ఆయనకు అప్పగించాడు. ఆడేవాళ్ళను ఎండలోంచి తీసి స్టోరులో నీడ డ్యూటీకి మార్చేవాడు. దానితోపాటు ఒక పద్ధతి కూడా పెట్టాడు. ఫైనల్ ఎవడివల్ల ఓడితే వాడు మర్నాడు పొద్దున సైటు బస్సెక్కాలి. ఆ ఒక్కడెవడో మా ఆయనే చెప్పాలి. ఎండాకాలం మధ్యాహ్నాలు పని ఆపాలన్న నియమం అప్పటికింకా రాలేదు, సైటు అంటే ఏమిటో మీకు వేరే చెప్పనక్కర్లేదు.

ఆ జట్టులో మా తమ్ముడున్నాడు. జగిత్యాల దగ్గర మా ఊళ్ళో కబడ్డీ ఆడినవాడు, మనిషిని పట్టడంలో దిట్ట. వాడికి వీసా ఇప్పించింది మా ఆయనే. ఆ సంగతి వాడు మరిచిపోడు, మా ఆయన మరవనివ్వరు. నీడ డ్యూటీ వచ్చిన రోజు వాడు మా ఇంటికొచ్చి, చొక్కా చేతులు పైకి మడిచి, మాడిన చర్మం కింద కొత్త చర్మం వస్తున్నదని చిన్నపిల్లాడిలా చూపించాడు.

ఫైనల్, సూక్ అనే పాత బజారులో కుంకుమపువ్వు, ఎండుఫలాలు అమ్ముకునే ఇరానీ వర్తకుల జట్టుతో పడింది. పొట్టలున్నాయి, నెత్తిన జుట్టు లేదు, కానీ బంతి మాత్రం కాలికి జిగురు పూసినట్టు అంటుకునేది. అల్ దోహా అల్ జదీదాలో ఒక బడి హాలు, ఆడవాళ్ళకు ఒక పక్కన ప్లాస్టిక్ కుర్చీలు. ఫౌళ్ళు చూపించే బోర్డు లేదు. చివరి నిమిషాలకు ఇద్దరూ సమానంగా ఉన్నారు. వర్తకుల్లో ఒకడు బంతితో ఒంటరిగా గోల్ వైపు దూసుకుపోతుంటే, మా ఆయన బెంచీ మీంచి లేచి, "వాన్ని పడగొట్టురా" అని ఒర్రారు. మా తమ్ముడు పడగొట్టాడు. మా ఆయన అప్పటికి నాలుగే అయ్యాయనుకున్నారు. అది ఆరోది. వర్తకుడు బంతి పెట్టుకుని, నుదుటి చెమట తుడుచుకుని, నెమ్మదిగా గోల్ కొట్టాడు.

ముదీర్ కోర్టులోకొచ్చి ఎవడివల్ల ఓడామని అడిగితే, మా ఆయన మా తమ్ముడి వైపు చెయ్యి చూపించారు. ఆయన అరిచింది తెలుగులో. ముదీరుకూ, వర్తకులకూ, జట్టులోని మలయాళీలకూ, నేపాలీలకూ అర్థం కాలేదు. అర్థమైన తెలుగువాళ్ళు క్యాంప్‌నుంచి వచ్చి వెనక నిలబడ్డవాళ్ళు, వాళ్ళ హాజరు మా ఆయన చేతిలో ఉంది. అందరూ బూట్ల లేసులు చూసుకున్నారు.

ఇంటికొచ్చాక నేను ఊరుకోలేదు. మా ఆయన జవాబు ఇది. "నేనే ఒర్రిన అని చెప్తే నన్ను సైటుకు పంపిస్తడు. నేను సైటు కూలీనైతే నీ ఫ్యామిలీ వీసా పోతది, పిల్ల బడి పోతది. వాడు ఎండకు పోతే ఏమైతది, వాడు ఎండల పుట్టినోడే."

"మీరేమన్న ఏసీల పుట్టిన్రా" అన్నాను.

మర్నాడు నేనే టాక్సీలో ముదీర్ ఆఫీసుకు వెళ్ళి, డిగ్రీలో చదివిన ఇంగ్లీషంతా కూడగట్టుకుని, అరిచిందెవరో చెప్పాను. అతను టీ కలుపుకుంటూ, అయితే ఇద్దరిలో ఎండకు ఎవరు పోవాలో నువ్వే చెప్పమన్నాడు. మా ఆయన పోవాలన్నాను. టీ సాసరులోకి ఒలికేంతగా నవ్వి, మా ఆయన్ను పిలిపించి, నేనన్న మాట నా ముందే చెప్పాడు. మా ఆయన కూడా నవ్వారు, ముదీర్ నవ్వితే నవ్వడం ఉద్యోగంలో భాగం కదా. మార్చడం మాత్రం కుదరదన్నాడు. ఒకసారి మాట మారిస్తే రేపటినుంచి ప్రతివాడూ ఒక అక్కను వెంటేసుకొస్తాడట. ఈనాటికీ బిర్యానీ తినడానికి ఎవరైనా వస్తే, "మా ఆమె నన్ను ఎండకు తోలుదామని చూసింది" అని మా ఆయన ఈ కథ చెప్తారు, వచ్చినవాళ్ళు ఎముకలు పక్కన పెట్టి మరీ నవ్వుతారు.

మా తమ్ముణ్ణి ఉత్తరాన మదీనత్ అల్ షమాల్ సైటుకు వేశారు. ఆ ఎండాకాలం పరంజా మీద కళ్ళు తిరిగి ఒకసారి, నీళ్ళడ్రమ్ము దగ్గర ఇంకోసారి పడ్డాడు. తరవాతి ఏడాదికి కిడ్నీలు చెడ్డాయని తేలితే ఇంటికి పంపేశారు. గల్ఫంతా దుబాయే అనుకునే మా ఊళ్ళోవాళ్ళు, దుబాయ్ పోయి ఉబ్బొచ్చిండు, బాగా తిన్నడని అనుకున్నారట.

ఇప్పుడు వాడు వారానికి రెండుసార్లు కరీంనగర్ ఆసుపత్రిలో డయాలసిస్ మిషన్ కింద పడుకుంటాడు. మొన్న ఆట అయ్యాక వీడియో కాల్ చేస్తే, అక్కడి మంచం మీదనుంచే ఫోన్లో చూశానన్నాడు.

"బావ ఖుషేనా అక్కా" అని అడిగాడు.

నేను ఎప్పటి పాటే పాడాను. ఇప్పుడు క్యాంప్ కోర్టుల్లో కూడా బోర్డులొచ్చాయి, అప్పుడు గోడ మీద ఒక్క అంకె వెలిగి ఉంటే నీ బతుకు ఇట్లయ్యేది కాదురా అన్నాను. వాడు సూది లేని చెయ్యి ఊపాడు.

"ఐదైనయని నాకు ఎరుకే అక్కా. బావ ఒర్రిండు గదా మరి."

ఫోను పెట్టేసి మా ఆయనకు ఆ మాట చెప్పాను. ఆయన ఇంకో పిస్తా గోటితో విప్పుతూ, "ఎరుకైతే చెప్పొద్దా వాడు" అన్నారు.

ఈ దోహాలో ఎన్ని మారాయో మనకు తెలుసు. ఇసుక దిబ్బల మీద మెట్రో స్టేషన్లు లేచాయి, చల్లటి హాళ్ళలో పిల్లలు ఫుట్సాల్ నేర్చుకుంటున్నారు, ఎండాకాలం మధ్యాహ్నాలు పని ఆగుతుంది. ఇవన్నీ కాస్త ముందొచ్చి ఉంటే మా తమ్ముడు బాగుండేవాడని ఇన్నేళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను, ఆ లేని బోర్డు మీద నింద మోపి ఈయనతో కాపురం చేశాను. నింద మోపడానికి ఇప్పుడా బోర్డు కూడా లేకుండా పోయింది. సోఫా సందుల్లోంచి పిస్తా పొట్టు ఏరుతూ కూర్చున్నాను. మళ్ళీ ఇరాన్ ఆట వస్తే తెర మూలన అంకె చూడను, సోఫా మీద మనిషినే చూస్తాను.