ఇరవై ఒక్క రోజుల మాట

నేను యుద్ధం చేయలేదు. ఈ సంగతి ముందే చెప్పుకోవాలి, ఎందుకంటే మా వైపు వాళ్ళు ఎవరినైనా "మిలట్రీలో ఉన్నాడట" అని ఒకసారి అనుకున్నారంటే ఇక మానరు. నేను ఓడ ఇంజన్ రూములో ఫిట్టర్ని. యుద్ధం చేసుకుంటున్న రెండు దేశాల్లో ఒకదాని నౌకాదళానికి నూనె మోసే ఓడ అది. ఏజెంటు నాతో నూనె ఓడ అన్నాడు, నౌకాదళం మాట ఎత్తలేదు. నేనూ అడగలేదు.

సముద్రంలో పెట్టిన మందుపాతర తగిలి ఆ ఓడ మునిగిపోయింది. ఎవరి ప్రాణమూ పోలేదు. తెప్పల మీద వణుకుతున్న మమ్మల్ని పక్క దేశం పడవలు వచ్చి తీసుకెళ్ళాయి. ఆ దేశం ఎవరి పక్షమూ కాదు, తటస్థ దేశం. దుప్పట్లిచ్చారు, వేడివేడి సూపు ఇచ్చారు. తర్వాత ఒక అధికారి వచ్చి చాలా మర్యాదగా చెప్పాడు: యుద్ధంలో ఉన్న ఓడ మీద నుంచి మా గడ్డ మీదికి వచ్చినవాళ్ళని యుద్ధం ముగిసేదాకా బయటికి పంపకూడదు, మీది ఏ దేశమైనా, మీరు వంటవాళ్ళయినా సరే.

అది జైలు కాదు. సెలవులకి వచ్చేవాళ్ళ కోసం ఎప్పుడో కట్టిన పాత విడిది. మంచం, మూడు పూటలా తిండి, వెనకాల ఆపిల్ చెట్లు. పొద్దున్న ఎనిమిదింటికి, సాయంత్రం ఎనిమిదింటికి వరసలో నిలబెట్టి పేర్లు చదువుతారు. పేరు వినబడగానే ఉన్నానని పలకాలి. కెమెరా ఉన్న ఫోన్లు మొదటిరోజే తీసేసుకున్నారు. ఆదివారం మనిషికి పది నిమిషాలు బటన్ ఫోను ఇస్తారు. మొదటి నెల అందరం తిట్టుకున్నాం. రెండో నెల పేకాడాం. మూడో నెల నుంచి ఏం చేశామో నాకు సరిగా గుర్తు లేదు.

అక్కడ తెలుగువాళ్ళం ఇద్దరమే. రెండోవాడు ఓడలో వంటమనిషి, నల్లజర్ల ఆయన. ఒకప్పుడు ఆ చుట్టుపక్కల పెళ్ళిళ్ళకి వండేవాడట. నాకంటే పెద్ద. నేను మాస్టారూ అనేవాణ్ణి, ఆయన నన్ను ఫిట్టరుగారూ అనేవాడు. వాళ్ళావిడకి పెళ్ళయిన పదకొండేళ్ళకి నెల తప్పింది. ఆ కబురు తెలిసిన మూడో వారమే ఓడ మునిగింది.

ఐదు నెలలయ్యాక మాకు లీవులు ఇస్తామన్నారు. ఒక్కసారికి ఒక్కరే. ఇరవై ఒక్క రోజులు. తిరిగి వస్తానని మాట ఇస్తూ కాగితం మీద సంతకం పెట్టాలి. ఒకడు వస్తేనే ఇంకొకడు వెళ్ళాలి. ఎవడైనా రాకపోతే మిగతా అందరికీ లీవులు బంద్. చీటీలు వేశాం. మొదటి చీటీ మాస్టారికి వచ్చింది, రెండోది నాకు.

ఆ ఆదివారమే మా ఆవిడ ఫోనులో చెప్పింది. అమ్మకి గుండెలో వాల్వు మార్చాలట, ఏలూరు డాక్టర్లు ఆలస్యం చేయొద్దన్నారట, కొడుకుని చూడందే కత్తి పెట్టనివ్వనని అమ్మ మొండికేసిందట. సాయంత్రం పేర్లు చదవడం అయ్యాక మాస్టారు తన చీటీ తెచ్చి నా చేతిలో పెట్టాడు.

"ముందు మీరెళ్ళిరండి ఫిట్టరుగారూ. మా ఆవిడకింకా టైముందండి. మీరొచ్చాక నేనెళ్తాను. ఇరవై ఒక్క రోజులేగదండీ."

మొహమాటానికైనా వద్దనలేదు నేను. తీసుకున్నాను.

ఏలూరు స్టేషన్లో మా ఆవిడ ఎదురొచ్చింది. అంగన్‌వాడీ టీచరు, పిల్లల్ని సముదాయించినట్టే పెద్దవాళ్ళనీ సముదాయిస్తుంది. ఆటో ఎక్కాక, నా వైపు చూడకుండా చెప్పింది. "ఏవండీ, మిమ్మల్ని పూర్తిగా వదిలేశారని చెప్పానండి అత్తయ్యగారికి. మళ్ళీ వెళ్ళిపోతారంటే ఆపరేషన్‌కి ఒప్పుకోరండి. కోలుకున్నాక మీరే నెమ్మదిగా చెబుదురుగాని."

సరే అన్నాను. ఆ రోజుల్లో నేను దేనికైనా సరే అనేవాణ్ణి.

ఆపరేషన్ బాగా జరిగింది. డాక్టరు వచ్చి ఆ మాట చెప్పినప్పుడు మా ఆవిడ గోడకి ఆనుకుని ఏడ్చింది. నాకు ఏమీ అనిపించలేదు. అబద్ధమెందుకు, గోడ మీద గడియారం చూసుకున్నాను. అక్కడ పొద్దున్న ఎనిమిదంటే మనకి మధ్యాహ్నం పన్నెండున్నర. ఆ టైముకి ఎక్కడున్నా లేచి నిలబడేవాణ్ణి. ఆస్పత్రి క్యాంటీన్లో సాంబారన్నం సగంలో వదిలేసి నిలబడితే మా ఆవిడ చొక్కా పట్టి లాగింది. "కూర్చోండి, అందరూ చూస్తున్నారు." అందరూ అంటే చేయి కడుక్కుంటున్న ఒక ముసలాయన. ఆయన నా వెనకాల ఎవరైనా పెద్దమనిషి వచ్చాడేమోనని తిరిగి చూశాడు.

మా ఊరు ఆకివీడు దగ్గర, కొల్లేరు అంచున. అమ్మ ఇంటికొచ్చిన రెండో రోజు చర్చి స్త్రీల సమాజం వాళ్ళు ప్రార్థనకి వచ్చారు. అమ్మ దిండుకి ఆనుకుని, గొంతు పెగలకపోయినా అందరికీ వినబడేలా చెప్పింది: తనకి ప్రాణం, కొడుక్కి విడుదల, రెండూ ఒకేసారి దొరికాయి కాబట్టి ఆదివారం కృతజ్ఞతా కూడిక పెట్టి అందరికీ భోజనం పెడుతున్నాం. కూడికలో అబ్బాయి సాక్ష్యం చెప్తాడు.

నా టిక్కెట్టు శుక్రవారానికి.

మా వాళ్ళలో ఇది మామూలే. జబ్బు తగ్గినా, పిల్లలకి ఉద్యోగం వచ్చినా కూడిక పెడతాం. దేవుడు ఏం చేశాడో ఆ ఇంటివాళ్ళు మైకులో చెప్తారు. దాన్నే సాక్ష్యం అంటాం. నేను కాదంటే ఆగిపోయేదే. మా ఆవిడ రోజూ అడిగింది. "ఇవాళైనా చెప్పండి." రేపు చెప్తానన్నాను. కుట్లు ఇంకా పచ్చిగా ఉన్నాయన్నాను. ఈలోగా ఆకివీడు నుంచి ఫ్లెక్సీ వచ్చేసింది. నా పాస్‌పోర్టు ఫొటోని మంచం అంత పెద్దది చేసి, కింద "శత్రువుల చెరనుండి విడుదల" అని వేశారు. మాకు సూపు ఇచ్చినవాళ్ళని శత్రువులన్నందుకు నవ్వొచ్చింది. ఇంటికొచ్చాక నేను నవ్వింది అదొక్కసారే.

శుక్రవారం బ్యాగు సర్దే ఉంది. పొద్దున్నే మా బావమరిది చెరువు దగ్గరికి వెళ్ళాను. అది చేపపిల్లల చెరువు. పెద్ద చెరువుల్లో వేసేముందు పిల్లల్ని ఏడాది పాటు అందులో ఇరుకిరుగ్గా, అర కడుపు మేతతో ఉంచుతారు. చావవు, ఎదగవు. నాలుగంగుళాల దగ్గరే ఆగిపోతాయి. తర్వాత పెద్ద నీళ్ళలో వదిలితే గబగబా పెరుగుతాయని రైతులు వాటినే కొనుక్కుంటారు. తవుడు చల్లుతుంటే పైకి వచ్చి నోళ్ళు తెరిచాయి. బస్తా అయిపోయాక గట్టు మీద కూర్చున్నాను. రైలు టైము వచ్చింది, వెళ్ళింది. నిర్ణయం తీసుకున్నానని చెప్పుకుంటే కాస్త గౌరవంగా ఉంటుంది. అదీ లేదు. లేవలేదు, అంతే.

ఆదివారం సాక్ష్యం చెప్పడానికి మైకు తీసుకున్నాక ఆడవాళ్ళ వైపు చూశాను. చివరి వరసలో నిండు కడుపుతో ఒకామె కూర్చుని ఉంది. చేతిలో స్టీలు డబ్బా. ఎప్పుడూ చూడకపోయినా పోల్చుకున్నాను. మాస్టారి భార్య. కూడిక సంగతి ఫోనులో మా ఆవిడతో మాట్లాడినప్పుడు తెలిసిందట, నల్లజర్ల నుంచి మూడు బస్సులు మారి వచ్చింది. అందరూ నా వైపే చూస్తున్నారు. అమ్మ ముందు వరసలో కుర్చీలో ఉంది.

"ప్రభువు నన్ను విడిపించాడు" అన్నాను. స్తోత్రం అన్నారందరూ.

భోజనాల దగ్గర ఆమె నన్ను వెతుక్కుంటూ వచ్చింది. డబ్బాలో సున్నుండలు.

"అన్నయ్యగారండీ, మీరెళ్ళాక మా ఆయన్ని పంపిస్తారని చెప్పారండి. మీ ప్రయాణం ఎప్పుడండి?"

"రూలు ఏదో మారుతుందంటున్నారమ్మా. కనుక్కుంటున్నాను."

"అలాగేనండి" అంది. బిర్యానీ తినదేమోనని మా ఆవిడ విడిగా పెరుగన్నం పెట్టింది. తిని, బస్సుకి టైమైందని వెళ్ళిపోయింది.

మాస్టారు తన పది నిమిషాల్లో ఎనిమిది వాళ్ళావిడకి వాడుకుని, మిగిలిన రెండూ నాకు చేసేవాడు. మొదటి ఆదివారం "రైలు గాని దొరకలేదాండీ?" అన్నాడు. రెండో ఆదివారం "లీవులు ఆపేశారండి. మీరొస్తే మళ్ళీ ఇస్తామంటున్నారు. పర్లేదు లెండి, అమ్మగారిని కోలుకోనివ్వండి" అన్నాడు. నా పేరు ఇంకా తీసేయలేదట. రెండు పూటలా చదువుతున్నారట. "నేనే పలుకుతున్నానండి. లీవులో ఉన్నాడండి, వస్తాడు అని చెప్తున్నాను."

ఒక్కసారి బూతులు తిట్టి ఉంటే నాకు ఎంత హాయిగా ఉండేదో. ఆయనకి తిట్టడం రాదు. ఆ మర్యాద మీద నాకు కోపం వచ్చేది. ఫోను పెట్టేశాక మా ఆవిడ మీద విసుక్కునేవాణ్ణి, అన్నం మెత్తగా అయిందని.

తాడేపల్లిగూడెం ఆస్పత్రిలో ఆమెకి ఆడపిల్ల పుట్టింది. ఆ ఆదివారం మాస్టారు పది నిమిషాలూ నాకే చేశాడు.

"మీరు దగ్గర్లోనే ఉన్నారు కదండీ. ఒక్కసారి వెళ్ళి చూసిరండి. ఎవరి పోలికో చెప్పండి. మా ఆవిడ నా పోలికే అంటోంది గాని, నా సంతోషం కోసం అంటోందేమోనండి. మీరైతే ఉన్నది ఉన్నట్టు చెప్తారు."

ఉన్నది ఉన్నట్టు చెప్తాననట.

వెళ్ళాను. ఆమె లేచి కూర్చుని, పిల్లని పాతచీర గుడ్డలో చుట్టి నా చేతికిచ్చింది. పోలికలు చూడటం నాకెప్పుడూ రాదు. ఎర్రగా ముడతలు పడ్డ మొహం. ఏమీ అనిపించలేదు. అయినా పరీక్షకి చదివినట్టు చూశాను, ఎందుకంటే చెప్పాలి కదా. చెవులు చూశాను. కాలివేళ్ళు లెక్కపెట్టాను. కిటికీలో ఫ్లాస్కు పక్కన అప్పటి స్టీలు డబ్బాయే ఉంది.

ఆదివారం ఫోనులో చెప్పాను. "చెవులు మీవే మాస్టారూ, డౌటు లేదు. చెవి తమ్మె అంటుకునే ఉంది, మీకున్నట్టే. కుడికాలి రెండో వేలు బొటనవేలి కన్నా పొడుగు. ఏడుపు మాత్రం మీది కాదు, గట్టి గొంతు."

"బరువెంతుందండీ?"

నాకు తెలిసిన బరువులు చేపలవే. "రెండున్నర కేజీల శీలావతి చేప అంత" అన్నాను.

నవ్వాడు. అవతల ఎంతసేపటికీ నవ్వు ఆగలేదు, తర్వాత అది నవ్వు కాదని తెలిసింది. టైమైపోయి లైను కట్ అయింది. నేను చెరువు గట్టు మీద నిలబడి ఉన్నాను. సిగ్గేసింది. నెలల తరబడి ఏమీ తగలని చోట మొదట తగిలింది అదే, సిగ్గు.

ఇంటికెళ్ళి అమ్మ మంచం పక్కన కింద కూర్చుని మొత్తం చెప్పేశాను. చీటీ, కాగితం మీద సంతకం, శుక్రవారం రైలు. వంటింట్లో మా ఆవిడ గిన్నెల చప్పుడు ఆగిపోయింది. అమ్మ మంచం పట్టీ పట్టుకుని లేచి కూర్చుంది.

"అయితే మైకు పెట్టించి మరీ దేవుడి ముందు అబద్ధం ఆడించానా నేను?"

"నేనే ఆడానమ్మా."

"కుట్లు మాని నెల దాటిందిగా, చెప్పకపోయావా?" అంది. "ఆ పిల్లకెన్నాళ్ళు?"

"రేపటికి పన్నెండు రోజులు."

"రేపే బయల్దేరు. ఆదివారం నేను లేచి చెప్తాను, నా కొడుకు ఇంకా విడుదల కాలేదని."

"నలుగురూ నానా మాటలూ అంటారమ్మా."

"అననీ. తిన్నవాళ్ళేగా" అంది.

మా ఆవిడ బ్యాగు తెచ్చి నా ముందు పెట్టింది. శుక్రవారం సర్దింది సర్దినట్టే ఉంది. ఆమె ఒక్క చొక్కా కూడా తీయలేదు.

తిరిగి వెళ్ళాక అక్కడ నన్నెవరూ కొట్టలేదు. అధికారి గడియారం చూసి, ఏదో రాసుకుని, యుద్ధం అయ్యేదాకా నీకు ఇంకో లీవు లేదన్నాడు. సాయంత్రం వరసలో నా పేరు చదివితే, నేను నోరు తెరిచేలోపు మాస్టారు అలవాటుగా "లీవులో ఉన్నాడండి" అనేశాడు. అందరూ నవ్వారు. నేను ఉన్నానని చెప్పాను.

మూడో రోజు ఆయన వెళ్ళాడు. గడ్డం గీసుకుని, తల నున్నగా దువ్వుకున్నాడు. "అమ్మగారికేమన్నా పట్టుకెళ్ళమంటారా?" అని అడిగాడు. ఏమీ లేదన్నాను. గేటు దగ్గర ఆగి, "ఇరవై ఒక్క రోజులేగదండీ" అన్నాడు.

అమ్మ అన్నంత పనీ చేసిందట. కూడికలో లేచి, ఫ్లెక్సీలో రాయించింది తప్పని చెప్పిందట. కొందరు మా ఇంటికి రావడం మానేశారు. మొన్న ఆదివారం నేనే నల్లజర్లకి ఫోను చేశాను. మాస్టారి గొంతు వినబడలేదు. పిల్ల ఏడుస్తోంది, గట్టి గొంతు. ఆయన స్నానం చేస్తున్నారని వాళ్ళావిడ చెప్పింది. సరే అని పెట్టేశాను.

ఇవాళ ఇరవై మూడో రోజు. పొద్దున్న అందరం వరసలో నిలబడ్డాం. తర్వాతి చీటీ నా వెనక నిలబడే ఎలక్ట్రీషియన్‌ది. అతని తండ్రికి బాగాలేదు. అతని ఊపిరి నా మెడకి తగులుతోంది. ఆ పిల్ల బరువు మాత్రం ఇప్పుడు నా చేతులకి తెలుస్తోంది, ఆస్పత్రిలో తెలియనిది. రండి మాస్టారూ అని ఒకవైపు, రాకండి అని ఒకవైపు అనుకుంటున్నాను. రెండూ నిజమే. మాస్టారి పేరు చదివారు. ఎవరూ పలకలేదు. అధికారి తలెత్తి రెండోసారి చదివాడు.

"లీవులో ఉన్నాడండి" అన్నాను. "వస్తాడు."