నిలబడి వేసిన కచ్చాకుట్లు

పెడనలో దుర్గాభవానికి నచ్చే మనిషి ఇంతవరకూ పుట్టలేదు. పుట్టినవాళ్లలో కూతురు ప్రసన్న కొంత నయం. ఆ ప్రసన్నకు ఈమధ్యే ఆడపిల్ల పుట్టింది. దాని సంగతి ఇంకా తేల్చుకోవలసి ఉంది.

పిల్లను ఉయ్యాలలో వేసే వేడుక దగ్గరపడింది. గుడివాడ నుంచి వియ్యాలవారు వస్తారు. పేచీ అంతా ఉయ్యాలలో పరిచే బొంత దగ్గరే వచ్చింది. ఆ ఇంట్లో ఎవరికి బిడ్డ పుట్టినా బొంత అవనిగడ్డ నుంచి రావలసిందే. అంటే దుర్గాభవాని పెద్దాడపడుచు లక్ష్మమ్మ కుట్టవలసిందే. ప్రసన్న పుట్టినప్పుడూ అంతే. కన్నతల్లి అయ్యుండి కూడా దుర్గాభవాని సూదిలో దారం ఎక్కించి అందించడానికే నోచుకుంది. ఈసారి ముందే ఫోన్ చేసి చెప్పేసింది.

"నా మనవరాలికి నేనే కుడతాను వదినా. మీరు భోజనానికి వస్తే చాలు."

"కుట్టు తల్లీ, ఎవరొద్దన్నారు?" అంది లక్ష్మమ్మ. "ముందురోజే వచ్చి చూస్తాలే. కింద కూర్చోగలవా మరి? నీ మోకాళ్లు..."

ఫోన్ పెట్టేశాక కూడా దుర్గాభవానికి ఆ మోకాళ్ల మాట ముల్లులా గుచ్చుతూనే ఉంది.

బొంతలో కష్టమంతా మొదట్లోనే. అడుగున ఓ పాత చీర, మధ్యలో మెత్తబడిన పంచెలు, పైన మరో చీర. ఆ పొరలు జరిగిపోకుండా ముందు దూరం దూరంగా కచ్చాకుట్లు వేయాలి. సన్నకుట్టు పూర్తయ్యాక వాటిని లాగి పారేస్తారు. ఆ పారేసే కుట్ల కోసం లక్ష్మమ్మ చాప పరిచి, మూలమూలకీ ఇత్తడి చెంబు పెట్టి, గుడ్డ చుట్టూ పాకుతుంది. "మనవలొచ్చినా మీ అక్క అంబాడడం మానలేదు" అని దుర్గాభవాని మొగుడితో అనేది. పక్కింటి వహీదా అయితే పిన్నీసులు పెట్టేస్తుంది. ఒక్కటి తీయడం మరిచిపోతే పిల్ల వీపు ఏం కావాలి? ఫోన్‌లో ఎవరో ఒకావిడ పొరలకు జిగురు పూసి అతికిస్తోంది. "బొంత కుడుతోందా, గోడకి పోస్టరు అంటిస్తోందా?" అని దుర్గాభవాని ఆ వీడియోని సగంలోనే ఆపేసింది.

అసలైన సులువు తన వసారాలోనే ఉంది. భర్త యుగంధర్ కలంకారీ అద్దకం చేస్తాడు. ఆయన బల్ల నడుమెత్తున ఉంటుంది. అచ్చు ఒత్తితే మెత్తగా దిగాలని దాని మీద గోనెపట్టాలు పొరలుగా పరిచి, పైన మందపాటి గుడ్డ కప్పి అంచుల్లో మేకులు కొట్టారు. అద్దే బట్టను గుండుసూదులతో ఆ మెత్తకి గుచ్చేస్తే ముడత పడదు. బొంత పొరల్నీ అలాగే గుచ్చేస్తే సరి. చెంబులక్కర్లేదు, పాకనక్కర్లేదు, దర్జాగా నిలబడి కుట్టుకోవచ్చు. ఊరినిండా ఇన్ని బల్లలుండి ఇంత చిన్న సంగతి ఒక్క బుర్రకీ తట్టలేదు. దుర్గాభవానికి ఊరి మీద జాలి కూడా కలగలేదు.

వేడుక ముందురోజు బల్ల ఖాళీగా ఉంది. పొరలు పరిచి, సూదులు గుచ్చి, కుట్టు మొదలుపెడుతుంటే యుగంధర్ వచ్చి చూశాడు.

"అడుగున చెయ్యి పెట్టే వీలుండదు కదే. సూది ఎందాకా దిగిందో ఎలా తెలుస్తుంది?"

"అచ్చులు కొట్టేవాళ్లు అచ్చులు కొట్టుకోవాలండీ" అంది దుర్గాభవాని.

ఆయన వెళ్లిపోయాడు. ఆవిడ పెద్ద సూదితో ఆ చివర నుంచి ఈ చివరకు గబగబా లాగించేసింది. లక్ష్మమ్మ బస్సు దిగి, ఇంటికొచ్చి, కాళ్లు కడుక్కునేసరికి ఆఖరి ముడి పడింది.

లక్ష్మమ్మ బల్ల చుట్టూ తిరిగింది. బొంత మీద అరచేత్తో నొక్కి చూసింది.

"బిగువుగానే ఉందే!"

దుర్గాభవాని పెళ్లయిన నాటినుంచి ఎదురుచూస్తున్న మాట అదే. "చెమటైనా పట్టలేదు వదినా. తెలివుండాలి గానీ నేలమీద దొర్లడం ఎందుకు చెప్పండి?"

"అయితే తియ్యి, చూద్దాం."

గుండుసూదులన్నీ పీకి, రెండు మూలలు పట్టుకుని, దుప్పటి దులిపినట్టు దుర్గాభవాని ఒక్క ఊపు ఊపింది. బొంత లేచింది. దాంతోపాటు బల్ల మీది గుడ్డా లేచింది. మేకులు టపటపా ఊడాయి. గుడ్డకి కరుచుకున్న గోనెపట్టా కూడా లేచి, ఏళ్లనాటి దుమ్ము వసారా అంతా కమ్మేసింది.

లక్ష్మమ్మ దగ్గి, తేరుకుని, అంచు ఎత్తి అడుగున చూసింది.

"కుట్టు మాత్రం గట్టిదే భవానీ. బరువుండి ఆగింది గానీ, లేకపోతే బల్ల కూడా వచ్చేసేదే!"

"నా బల్ల!" అంటూ యుగంధర్ పరిగెత్తుకొచ్చాడు.

"గోనెలేగా, చచ్చిపోలేదులెండి" అని కసిరింది దుర్గాభవాని. మొహం మాత్రం కందగడ్డలా అయింది.

"పోనీలే, కత్తెరిలా ఇయ్యి" అంది లక్ష్మమ్మ చాప వాలుస్తూ. "చీకటి పడేలోగా నేను చేసేస్తా. నువ్వెళ్లి వంట చూసుకో."

ఆ మాటలో వెటకారం లేదు. అదే దుర్గాభవానిని భయపెట్టింది. ఇప్పుడు వంటింట్లోకి వెళ్లిందా, రేపు ఉయ్యాలలో ఉండేది మళ్లీ అవనిగడ్డ బొంతే. కత్తెర ఇవ్వలేదు. తను వేసిన కుట్లన్నీ తనే కసాబిసా కత్తిరించి, పొరలు దులిపి చాప మీద వేసి, గోడ పట్టుకుని మెల్లగా కిందికి దిగింది. మోకాళ్లు కలుక్కుమన్నాయి.

"జరగండి."

"మోకాళ్లో?"

"నా మోకాళ్లు, నా ఇష్టం."

చెంబులు పెట్టుకుని, చెరో వైపునుంచీ పాకడం మొదలుపెట్టారు.

"ఏంటి వదినా ఆ కుట్లు, కోడి నడిచినట్టు?"

"నా కోడి చాపకి అతుక్కోలేదుగా!"

దీపాలు పెట్టేవేళకి మధ్యలో ఇద్దరి తలలూ ఢీకొన్నాయి. ఆ తర్వాత సన్నకుట్టు దుర్గాభవాని ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. ఉయ్యాలకు సరిపోయే చిన్న బొంత కాబట్టి పడుకునే లోపే అయిపోయింది. కచ్చాకుట్లు లాగి పారేసే పని మాత్రం వదినకి దయచేసింది.

మర్నాడు వియ్యపురాలు హేమ బొంతను నిమిరి నిమిరి చూసింది. "పొర ఎక్కడా జరగలేదండీ! ఎలా వేశారు కచ్చాకుట్లు?"

దుర్గాభవాని లక్ష్మమ్మ వైపు చూడకుండా చెప్పింది. "బల్ల మీదండీ, నిలబడే వేశాను. చాలా తేలిక."

"నిజమే వదినగారూ" అందుకుంది లక్ష్మమ్మ, తమలపాకుకి సున్నం రాస్తూ. "మా తమ్ముడి బల్లకి చలేస్తోందని ముందు దానికే కుట్టింది. తర్వాతే పిల్ల గుర్తొచ్చింది."

ముత్తయిదువలంతా ఘొల్లుమన్నారు. ఏమిటా బల్ల సంగతని హేమ గుచ్చిగుచ్చి అడగడం మొదలుపెట్టింది. దుర్గాభవాని బొంత అందుకుని, ఉయ్యాలలో పరిచి, ముడతలు సర్దింది.

"కుట్టింది నేనండీ" అంది. "ఈవిడ పక్కన పాకింది, అంతే."

అందరికంటే గట్టిగా లక్ష్మమ్మే నవ్వింది. ఆ నవ్వు ఆగేలోపు దుర్గాభవాని ప్రసన్న ఒళ్లోంచి పిల్లను తీసుకుని, మరో చెయ్యి పడకుండా బొంత మీద పడుకోబెట్టేసింది.