మోచేతికి అట్లకాడ వైద్యం

అరవై యూరోల వైద్యాన్ని దోసెల అట్లకాడతో ఇంట్లోనే చేయించుకున్న మొనగాణ్ణి ఐర్లండ్‌లోని కార్లో అనే ఊళ్ళో ఇంతవరకు నేనొక్కణ్ణే. ఆ రోజుల్లో నా తెలివి మీద నాకంత గురి. (మా నాన్నకీ ఇద్దరు బాబాయిలకీ కిరాణా కొట్లు. చెప్పిన ధరకు కొన్నవాణ్ణి మా ఇంట్లో జబ్బుపడ్డవాణ్ణి చూసినట్టు జాలిగా చూసేవారు.) చదువుకుంటూనే శని, ఆదివారాలు ఊరి బయట క్యారెట్లు ప్యాక్ చేసే షెడ్డులో పనిచేసేవాణ్ణి. పెట్టెలు ఎత్తీ ఎత్తీ కుడి మోచెయ్యి పట్టేసింది. టీ కప్పు లేపాలన్నా కళ్ళల్లో నీళ్ళు తిరిగేవి. పెట్టె ఎత్తలేకపోతే షిఫ్టు పోతుంది, షిఫ్టు పోతే అద్దె కట్టలేను. ఇక తప్పక ఫిజియో దగ్గరికి వెళ్ళాను.

యాభై దాటిన ఐరిష్ ఆవిడ. మోచెయ్యి నొక్కి చూసి, కండరాన్ని ఎముకకు పట్టి ఉంచే చోట దెబ్బతిందని చెప్పి, ఏదో క్రీము రాసి, వంపు తిరిగిన స్టీలు పలకతో మూడు నిమిషాలు మెల్లగా గీకింది. హాయిగా అనిపించింది. తర్వాత చిన్న బరువు పట్టుకుని మణికట్టును నెమ్మదిగా కిందికి దించే వ్యాయామం నేర్పి, రోజూ చెయ్యమంది, ఇంకో మూడుసార్లు రమ్మంది.

"మూడూ ఒకేసారి మాట్లాడుకుంటే ఎంతకిస్తారు?" అన్నాను.

"మూడుసార్లకు మూడు అరవైలు."

"చెయ్యి మొత్తం వద్దండీ. మోచెయ్యి ఒక్కటే చూడండి."

"ఇందాక చూసింది కూడా మోచెయ్యేగా."

ఇక ఆఖరి అస్త్రం తీశాను. "సరే, వస్తానండీ" అని లేచి, తలుపు వైపు మెల్లగా నడిచాను. మా కొట్లో ఏ బేరమూ మూడో అడుగు దాకా వెళ్ళనివ్వరు, వెనక్కి పిలుస్తారు. నేను ఏడో అడుగు వేశాను. ఆవిడే ముందుకొచ్చి తలుపు తీసి పట్టుకుని, "మెట్లు జాగ్రత్త" అంది.

ఆ మెట్లు దిగుతూనే లెక్క తేల్చుకున్నాను. వ్యాయామం ఊరికే చెప్పింది కాబట్టి అందులో సరుకు లేదు. డబ్బులన్నీ ఆ స్టీలు పలకకే. స్టీలు మా వంటింట్లోనూ ఉంది. పైగా ఆవిడ గీకింది మూడు నిమిషాలే, ఇంట్లో అరగంట గీకిస్తే పదిసార్లు వెళ్ళొచ్చినట్టు. నాతోపాటు గదిలో ఉంటూ అదే షెడ్డులో పనిచేసే వరంగల్ తమ్ముడి చేతిలో అట్లకాడ పెట్టి, మోచేతికి కొబ్బరినూనె పట్టించుకుని కూర్చున్నాను.

"అన్నా, ఎర్రగైతున్నది. ఇగ చాలు."

"గీకరా. నువ్వు గీకే కొద్దీ నాకు డబ్బులు మిగుల్తున్నాయి."

"నీకు మిగులుతున్నయి గని, నా చెయ్యి గుంజుతున్నది."

శనివారానికి నా చెయ్యి నల్ల వంకాయ రంగు తేలింది. షెడ్డులో సూపర్‌వైజర్ ఆవిడ నా చొక్కా చెయ్యి పైకి మడిచి చూసి, గొంతు తగ్గించి, "ఎవరు కొట్టారు నిన్ను? గార్డ్స్‌కి ఫోన్ చేయనా?" అంది. (ఇక్కడ పోలీసుల్ని అలా అంటారు.) పక్కనే ఉన్న మావాడు నిజం దాచడు కదా, "నేనే చేసిన మేడం. అరగంట చేసిన. ఆయనే ఇంకా చెయ్యమన్నడు" అన్నాడు. ఆవిడ మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, అట్లకాడ కథ విని, కుర్చీలో కూర్చుండిపోయింది. నవ్వు ఆగాక, చెయ్యి బాగయ్యేదాకా రావద్దంది. షిఫ్టు ఉంటుందో ఊడుతుందో మాత్రం చెప్పలేదు.

మళ్ళీ ఆ మెట్లే ఎక్కాను. ఫిజియో చాలాసేపు చెయ్యి చూసింది.

"దేంతో గీకారు?"

"అట్లకాడతో. దోసెలు తిప్పుతాం."

"గ్రాండ్," అంది ఆవిడ, దోసె అంటే ఏమిటో కూడా అడగకుండా. (ఇక్కడ 'సరే, బాగుంది' అనడానికి ఆ ఒక్క మాటే.) ఆ రోజు పలక ముట్టుకోలేదు. గీకడం నొప్పిని కాస్త సర్దడానికేననీ, నయం చేసేది ఆ వ్యాయామమేననీ చెప్పింది. "అది చేశారా?" అని అడిగితే, ఊరికే వచ్చింది కదా అని చెయ్యలేదన్నాను. కమిలింది తగ్గాక మొదలుపెట్టి రోజూ చెయ్యమంది, చేస్తే మళ్ళీ రానక్కర్లేదంది. చేశాను. రెండు వారాలకు తేలిక పెట్టెల దగ్గర షిఫ్టు తిరిగొచ్చింది, రెండు నెలలకు నొప్పి పోయింది.

ఇప్పుడు ఇదే దేశంలో ఇంకో ఊళ్ళో, బ్లాంచర్డ్స్‌టౌన్‌లో ఇల్లూ వాకిలీ పెట్టుకుని, ఆ మెట్ల మీద లెక్కలు వేసుకుంటూ దిగిన కుర్రాణ్ణి తలచుకుంటే కోపం రాదు, ముద్దొస్తాడు. కానీ లెక్క లెక్కే. ఫిజియోకి రెండుసార్లు, నూటఇరవై. పోయిన నాలుగు షిఫ్టులు, మూడువందల అరవై. (పాతదానితో వేసిన దోసె తిననని తమ్ముడు మొరాయించినందుకు) కొత్త అట్లకాడ, ఆరు. వెరసి నాలుగువందల ఎనభై ఆరు యూరోలు. నేను బేరమాడింది, మొదటిసారిది కలుపుకున్నా, రెండువందల నలభై దగ్గర. చెయ్యి బాగుచేసిన వ్యాయామానికి, సున్నా.