అమ్రాబాద్‌లో కుంకుడుకాయలతో తలస్నానం

మా శ్రీజకు తొమ్మిదేళ్లు. ఏ షాంపూ వాడినా తల దురద, చెవుల వెనక దద్దుర్లు. కొన్నాళ్లు షాంపూ మానేయమని డాక్టరు చెప్పినప్పుడు నాకు రేణుక గుర్తొచ్చింది. మహబూబ్‌నగర్ హాస్టల్లో నాతో చదువుకుంది. మోకాళ్ల దాకా జడ, తలకు ఎప్పుడూ కుంకుడుకాయలే. ఇప్పుడు అమ్రాబాద్ పక్కన ఒక ఊళ్లో మేకలు పెంచుకుంటూ అత్తతో ఉంటోంది. మొన్న వానాకాలంలో ఆమె భర్త మల్లేశ్ గుండెపోటుతో పోయాడు. అప్పుడు వెళ్లొచ్చాను గానీ ఆ జనంలో మాట్లాడుకోలేకపోయాం. ఫోన్ చేస్తే, "షాపుల పొడి కొనకు. పిల్లను తోల్కరా, నేనే తలకు పోస్త" అంది.

దీపావళి దాటాక ఒక ఆదివారం పొద్దున ఆరున్నరకు మహబూబ్‌నగర్‌లో అచ్చంపేట బస్సెక్కాం. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్లకు టికెట్ డబ్బులుండవు. కల్వకుర్తిలో టీ తాగి, పదింటి లోపే అచ్చంపేటలో దిగాం. అక్కడి నుంచి షేరింగ్ ఆటో, మనిషికి యాభై. మన్ననూరు వైపు రోడ్డు మెలికలు తిరుగుతూ పులుల అడవిలోకి ఎక్కుతుంది. పిల్లకు స్వెట్టర్ తప్పదు.

"పులిని చూడనీకె వచ్చిన్రా అక్కా?" అన్నాడు ఆటో డ్రైవర్.

"కాదు, కుంకుడుకాయలతో తలకు పోసుకోవడానికి."

అతను నవ్వాడు. "గవ్వి ఇప్పుడెవరు ఏరుతున్నరు? మా ఇంట్ల గూడ షాంపూ పాకెట్లే."

మేం వెళ్లేసరికి రేణుక వాకిట్లో కట్టెల పొయ్యి మీద నీళ్లు కాగబెడుతోంది. ఒక చిన్న గుడ్డసంచిలోంచి కాయలు తీసి, రాయితో కొట్టి, గింజలు ఏరి పారేసి, పెచ్చుల్ని వేడినీళ్లలో నానేసింది. నానాక చేత్తో పిసికితే గిన్నె నిండా తెల్లటి నురగ లేచింది. దాన్ని పల్చటి గుడ్డలో వడకట్టింది. శ్రీజ కళ్లు మండుతాయని భయపడితే నోట్లో ఉప్పుకల్లు పెట్టి, "చప్పరించుకుంట కండ్లు మూస్కో బిడ్డా, మంట తెల్వది" అని నెమ్మదిగా తల రుద్దింది. పిల్ల అంత ఓపిగ్గా కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు.

నాకూ ఆశ పుట్టింది. "ఇంకొన్ని కొట్టవే, నేనూ పోసుకుంటా" అన్నాను. రేణుక సంచి వైపు చూసి, క్షణం ఆగి, మిగిలినవన్నీ కుమ్మరించింది.

జొన్నరొట్టె తిని, మూడింటికి బయల్దేరాం. రేణుక మేకలకు నీళ్లు పెడుతుంటే వాళ్లత్త మాతో రోడ్డు దాకా వచ్చింది. దారిలో అంది: "గా కాయలు నా కొడుకు ఏరి ఎండవెట్టినయి బిడ్డా. వాడు పోయినంక రేణుక గా సంచి ముట్టలే. తను గూడ సబ్బుతోనే పోసుకుంటాంది."

పిల్లను ఆమె దగ్గర ఉంచి వెనక్కి పరుగెత్తాను.

"ఎందుకు చెప్పలేదే?" అంటే రేణుక బకెట్ కింద పెట్టింది.

"చెప్తే పోసుకుంటుంటివా? ఉంచితే పురుగు పడ్తది. ఆయన తలకు పోసుకోనీకే ఏరిండు." నావైపు చూడకుండా అంది: "పిల్లకు పోసినందుకు ఫికర్ లేదు. నువ్వడిగినప్పుడు... గుప్పెడు ఉంచుకుందామనుకున్న. నోరు రాలే."

ఆమె చెయ్యి పట్టుకున్నాను. కుంకుడు వాసన ఇద్దరి చేతుల్లోనూ ఉంది.

తిరుగు బస్సులో శ్రీజ నా ఒడిలో నిద్రపోయింది. ఆ రోజు మళ్లీ గోక్కోలేదు. దానికి పోయించినందుకు నాకు బాధ లేదు. నా జుట్టుకు మాత్రం ఏ జబ్బూ లేదు. సరదాకి అడిగాను. ఆమె ఆగిన ఆ క్షణాన్ని చూసి కూడా, ఏమైందని అడగలేదు. కొత్త కాయలు ఎన్ని సంచులు పంపినా అవి మల్లేశ్ ఏరినవి కావు.

ఇలా వెళ్లాలనుకునేవాళ్లకు ఒకటే మాట: చెవి దగ్గర ఊపితే లోపల గింజ గలగలమనే ఎండు కాయలు కొనుక్కుని, మీ కాయలు మీరే తీసుకెళ్లండి.