సొన మచ్చ

మా మామిడి కొట్లో కాయల తొడిమలు తుంచే ఆవిడకి ఎడమ చూపుడువేలు సొనకు కాలి నల్లబడి ఉండేది. ఎనభైల్లో, వార్డు ఎన్నికలనాడు బూత్‌లో ఆఫీసరు ఆ వేలు చూసి, "ఒకసారి ఓటేశావుగా, వెళ్ళమ్మా" అన్నాడు.

"సొన మచ్చండీ బాబూ" అంటూ ఆవిడ నావైపు చూసింది.

అక్కడ మా అభ్యర్థి ఏజెంటుని నేనే. ఆవిడ ఓటు మాకు పోటీగా నిలబడ్డ మాస్టారికని తెలుసు. తల దించుకుని ఓటర్ల జాబితా తిరగేశాను.

మావాడు భారీగా గెలిచాడు. ఆ ఒక్క ఓటు పడినా గెలిచేవాడే.

మర్నాడు ఆవిడ వేలికి గుడ్డ చుట్టుకుని పనికొచ్చింది. ఏంటని అడిగాను.

"మళ్ళీ ఓట్లొచ్చేసరికి మచ్చ పోవాలి కదండీ" అంది.

ఆ ఓట్లు రాకముందే ఆవిడే పోయింది. చివరిచూపుకి వెళ్ళి ముందు ఆ వేలే చూశాను. మచ్చ లేదు.